నల్లపెట్ట గుడ్లు

తెల్లారి గంప ఎత్తగానే కోళ్ళకంటే ముందు వాటి కంపు బయటికొచ్చేది. నాగమల్లేశ్వరికి అదంటే ఎందుకో ఇష్టం. ఇన్నేళ్ళ తర్వాత, మూడో అంతస్తు ఫ్లాట్లో పొద్దున్నే కిటికీ తీసినప్పుడు, ఒక్కోసారి ఆ వాసన కోసమే ముక్కు వెతుక్కుంటుంది.

అప్పుడు వాళ్ళుండేది భవానీపురంలో, రెండు గదుల పెంకుటింట్లో. తొంభై ఆరో, ఏడో. భర్త కాశీరావు చేపల మార్కెట్లో గుమస్తా. అత్త సన్యాసమ్మ. పెరట్లో ఓ అరడజను నాటుకోళ్ళు. నూకలు చల్లడం, నీళ్ళు మార్చడం, రెట్టలెత్తి బూడిద చల్లడం, ఇవన్నీ పొయ్యి వెలిగించేలోపే అయిపోవాలి. గద్ద నీడ కనబడితే చేతిలో చీపురుతోనే పరిగెత్తాలి. ముంగిస దూరకుండా గంపమీద రాయి పెట్టాలి. వాన పడితే కోడిపిల్లల్ని గోనెసంచిలో చుట్టి పొయ్యి పక్కకి చేర్చాలి. ఓ ఏడాది తెగులు తగిలి కోళ్ళు మెడలు వాల్చేస్తుంటే, పసుపూ ఉల్లిపాయా నూరి వాటి నోట్లో పెడుతూ ఏడ్చింది. "మనిషి పోయినట్టు ఆ ఏడుపేంటే?" అంది అత్త. "ఇల్లంతా కంపు. నలుగురు రావాలంటే సిగ్గుగా ఉంది" అనేవాడు కాశీరావు, పొద్దస్తమానం చేపల్లో తిరిగొచ్చి. ఆ మాటకొచ్చే నవ్వుని ఆమె కొంగులో దాచుకునేది. గుడ్డట్టు మాత్రం రోజూ ఆయన కంచంలో పడాల్సిందే.

కొల్లేటి గట్టున పుట్టింట్లో చేపలు నాన్నవి, కోళ్ళు అమ్మవి. వలా, పడవా, బేరం అన్నీ నాన్న మాటమీదే నడిచేవి. కోళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆయనే, "ఏమే, ఓ కోడిని కొయ్యమంటావా?" అనేవాడు. అమ్మ కాసేపు ఆలోచించి, "ఇవాళొద్దులే" అనేది. ఎంత దర్జాగా అనేదో! అందుకే కాపురానికొచ్చాక, పక్కవాటా శౌరమ్మ ఓ నల్లపెట్టనిస్తానంటే మారుమాట లేకుండా తెచ్చుకుంది.

ఆ వేసవిలో నల్లపెట్ట పొదుగుకి కూర్చుంది. పెరట్లో ఓ మూల, పాత తట్టలో ఊక పోసి గుడ్లు పేర్చింది నాగమల్లేశ్వరి. ఎవరు చెయ్యి చాపినా పొడిచేది గాని ఆమెనేమీ అనేది కాదు.

ఓరోజు కిరసనాయిలు కోసం రేషన్ షాపు దగ్గర ఎండలో క్యూ కట్టి, డబ్బా మోసుకుంటూ ఇంటికొచ్చేసరికి నీళ్ళతొట్టి పక్కన నల్లటి ఈకలు కుప్పగా పడున్నాయి. గిన్నెలో మాంసం.

"హనుమాన్ జంక్షన్ నుంచి లారీ ఓనరుగారు భోజనానికొస్తున్నారు. మసాలా నూరు" అన్నాడు కాశీరావు చేతులు కడుక్కుంటూ.

"అది పొదుగుమీదుందండీ" అంది.

"మిగతావి చేతికి చిక్కలేదే. ఇదైతే కదలకుండా కూర్చునుంది. గంప మూస్తే దొరికిపోయింది. కోడే కదా, ఇంకోటి కొందాంలే."

కదలకుండా కూర్చుంది కాబట్టి దొరికింది. ఆ మాట ఆమె చెవిలోంచి పోలేదు. అది పారిపోలేక కూర్చుందా? కింద ప్రాణాలున్నాయని కూర్చుంది. ఆ కూర్చోవడమే వీళ్ళకి సులువైంది. పెళ్ళైన దగ్గర్నుంచి తను మాత్రం ఎక్కడికి కదిలింది గనక? పండక్కో, పెళ్ళికో వాళ్ళు పంపిస్తే వెళ్ళింది, రమ్మంటే వచ్చింది. తట్టలో చెయ్యి పెట్టి చూసింది. గుడ్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి.

తట్టమీద పాత చీర కప్పి, చంకన పెట్టుకుంది.

"ఎక్కడికే? కూరెవరు వండుతారు?" అరిచింది సన్యాసమ్మ.

"గుడ్లు చల్లారిపోతాయత్తా" అంది, అప్పటికే గుమ్మం దిగుతూ.

శౌరమ్మ అప్పటికి ఊరికి అటు చివరున్న గుణదల మారిపోయింది. ఆమె ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక పెట్ట పొదుగుమీద ఉండేది. బస్సులో తట్టని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ చుట్టి కూర్చుంది నాగమల్లేశ్వరి. బస్సు గుంటలో పడ్డప్పుడల్లా తట్టని పైకెత్తి పట్టుకునేది. శౌరమ్మ తన ఎర్రపెట్ట కింద గుడ్లు ఒక్కోటీ జార్చి, "పొడవకుండా ఊరుకుందే, పర్లేదు" అంది. తర్వాత అన్నం పెట్టింది. ఒకరు వడ్డిస్తుంటే వేడివేడిగా తిని ఎన్నాళ్ళైందో గుర్తు రాక, మొదటి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

సాయంత్రం కాశీరావు వచ్చాడు. ఓనరుగారికి హోటల్ నుంచి భోజనం తెప్పించాల్సి వచ్చిందట.

"ఎవర్నడిగి వచ్చావ్?"

"మీరెవర్నడిగి కోశారండీ?"

అరవలేదు. మామూలుగానే అడిగింది. కాశీరావు శౌరమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, "రేపు రా" అని వెళ్ళిపోయాడు. ఆమె వెళ్ళింది. వంట చేసింది. మిగిలిన కోళ్ళకి నూకలు చల్లుతూ చాన్నాళ్ళకి కూనిరాగం తీసింది.

పిల్లలు లేచాయని శౌరమ్మ కబురు చేసింది. నాగమల్లేశ్వరి చేతులు కడుక్కుని చీర మార్చుకుంది. వరండాలో కాశీరావు పేపరు చదువుతున్నాడు. ఇంతకుముందైతే ఆయన పేపరు దించేదాకా తలుపు దగ్గర నిలబడి, "వెళ్ళనా అండీ?" అనేది.

"గుణదల వెళ్తున్నా" అంది, చెప్పులేసుకుంటూ.