గోడ దాకా వచ్చినవాళ్ళు

మధ్యాహ్నపు ఎండ. బాల్కనీ గచ్చు మీద ఆకుల నీడ.

గాలి వస్తే నీడ కదులుతుంది. గాలి పోతే ఆగుతుంది.

ఇంటి మొత్తానికి పనీ పాటా లేనిది ఆ నీడ ఒక్కటే అనుకునేరు. దాని పక్కన రెండు కుర్చీలు. ఒకటి మా అత్తయ్యది. ఒకటి నాది.

చూస్తున్నాం.

ఏం చూస్తున్నారని ఎవరైనా అడిగితే చెప్పడానికి సిగ్గు. అందుకే ఒళ్ళో చిక్కుడుకాయలు పెట్టుకుంటాం. ఈనెలు పొద్దున్నే తీసేశాం. ఎవరైనా తలెత్తి చూస్తే, తీసినవే మళ్ళీ తీస్తాం.

మాది మూల ఇల్లు, మేడ మీద వాటా. కింద సందు. సందు మొదట్లో, మా బాల్కనీకి చెయ్యి చాపితే అందీ అందనంత దూరంలో, వీధిదీపం స్తంభం. ఆ స్తంభానికి ఒక బోర్డు — దారి లేదు.

సందు చివర, మా బాల్కనీకి మాట వినబడేంత దూరంలో, గోడ. గోడ వెనక ఆసుపత్రి.

ఒకప్పుడు ఈ సందులోంచే అక్కడికి వెళ్ళేవారట. తర్వాత ఆసుపత్రివాళ్ళు గోడ కట్టుకున్నారు. ఆ సంగతి సందుకి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. ఇప్పటికీ ఎక్కడికో తీసుకెళ్తానన్నట్టే ఉంటుంది... వెడల్పుగా, చల్లగా, నమ్మకంగా. కొందరు మనుషుల్లాగే.

జనం నమ్ముతారు. తిన్నగా గోడ దాకా వస్తారు.

బోర్డు ఉంది కదా అంటారా? ఉంది.

బోర్డు మీద మా శంఖుపూల తీగ ఉంది.

నేను పాకించలేదు. కుండీ మాది, మట్టి మాది, నీళ్ళు నావి. పాకడం మాత్రం దానిది. కమ్మీ పట్టుకుంది. గాల్లోకి చెయ్యి చాపింది. స్తంభం దొరికింది. ఎక్కడానికి ఏదో ఒక ఆధారం కావాలి కదా, పాపం. మొదట ఒక అక్షరం పోయింది. తర్వాత ఇంకొకటి. తర్వాత బోర్డే లేదు. అన్నీ నీలం పూలు.

కత్తిరించడం ఎంతసేపు?

రేపు కోద్దాం, ఎల్లుండి కోద్దాం అనుకుంటూ... నీళ్ళు పోశాను.

దారి లేదని తెలిసిన క్షణాన మనిషి ముఖం చూశారా ఎప్పుడైనా? చూడాలి. కారు ఆగుతుంది. గోడ. గోడకీ మనిషికీ మధ్య ఒక మౌనం. అప్పుడు మొదలవుతుంది నాటకం — తను పొరపాటున రాలేదని లోకానికి చెప్పుకోవడం. ఒకాయన ఫోను చెవికి పెట్టుకుని, ఆ, వచ్చేశా, వచ్చేశా అంటాడు. ఒకాయన దిగి టైరును తన్ని చూస్తాడు, ఆ టైరు కోసమే ఇంత దూరం వచ్చినట్టు. ఒకాయన గోడను పైనుంచి కిందికి చూసి తలాడించాడు. కొనేసేలా ఉన్నాడు.

భార్యాభర్తలు వస్తే ఇంకా బాగుంటుంది. ఆవిడ వేలు చూపిస్తుంది. ఆయన ఆ వేలు తప్ప అన్నీ చూస్తాడు.

డిగ్రీలో నేను ఎకనామిక్స్ చదివాను. కాలాన్ని హాయిగా తగలెయ్యడం ఎలాగో ఆ పుస్తకాల్లో లేదు. సొంతంగా నేర్చుకున్నాను.

అత్తయ్య ఇందులోకి ఎలా వచ్చారో చెప్పాలి.

ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఊరికే కూర్చున్నవాళ్ళంటే ఆవిడకి గిట్టదు. మామయ్య పోయాక మా ఇంటికి వచ్చారు. మా ఇంటికి అంటే, మా ఇంట్లో ఒక గదిలోకి. అన్నం అంటే అన్నం. మందు అంటే మందు. మాట కదిపితే — ఊఁ.

మా ఆయన రోజూ గుమ్మం దగ్గర నిలబడి, ఏమ్మా, బాగున్నావా అనేవారు. బాగున్నాన్రా అనేవారు ఆవిడ. తల్లీ కొడుకుల మాటలకన్నా టెలిగ్రాములే పొడుగ్గా ఉండేవి.

ఒక రోజు తువ్వాలు ఆరేయడానికి బాల్కనీలోకి వచ్చారు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాను. కింద ఒక పెద్దమనిషి. గోడ ముందు స్కూటరు ఆపి, తీరిగ్గా దిగి, జేబురుమాలు తీసి అద్దం తుడుస్తున్నాడు. ఒక అద్దం అయింది. రెండోది తుడిచాడు. మళ్ళీ మొదటిది.

అత్తయ్య చూశారు. వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు.

చాలా కాలం వాడని కుళాయి తిప్పితే ముందు గుర్రుమంటుంది, దగ్గుతుంది, ఆ తర్వాత నీళ్ళొస్తాయి. ఆవిడ నవ్వు అలా వచ్చింది.

"వీడికి నాలుగు మార్కులు," అన్నారు.

"పదికా అత్తయ్యా?"

"వందకి. మొహంలో దొంగతనం తెలిసిపోతోంది."

మర్నాటికి రెండో కుర్చీ వచ్చింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయంటే... ఏమీ జరక్కుండా గడిచాయి. అంత బాగా గడిచాయి. ఎండ వచ్చేది. నీడ కదిలేది. పూలు విచ్చేవి, ముడుచుకునేవి. ఎవరో వచ్చేవారు, గోడను కలిసి వెళ్ళేవారు. అత్తయ్య మార్కులు వేసేవారు. తలెత్తి, ఇటు దారి లేదామ్మా అని అడిగినవాళ్ళకి, లేదు నాయనా అని చావు కబురంత బాధగా చెప్పేవారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టేవారు. తర్వాత కొంగు నోట్లో కుక్కుకునేవారు. వారం తిరక్కుండా ఒకాయన మళ్ళీ వచ్చాడు. ఈలోగా గోడ మనసు మార్చుకుని ఉంటుందని కాబోలు. ఆ రోజు ఆవిడ రెండో ముద్ద కలుపుకుని మరీ తిన్నారు.

మా ఆయన వంటింట్లోకి వచ్చి గుసగుసగా అడిగారు, అమ్మకి ఏం మందు మార్చారు అని.

డాక్టరు గొప్పవాడన్నాను.

ఓ ఆదివారం ఆయన బాల్కనీలోకి వచ్చారు. బోర్డు కనబడట్లేదే, కత్తెర ఇలా తే అన్నారు. అత్తయ్య చిక్కుడుకాయ మీంచి తల ఎత్తలేదు.

"పూసే తీగని కొయ్యకూడదురా. ఇంటికి మంచిది కాదు."

పిల్లి ఎదురొస్తే పిల్లికే నచ్చజెప్పి ముందుకెళ్ళిన మనిషి. శకునం అన్న పిల్లల మీదికి సుద్దముక్క విసిరిన టీచరు. ఆయన బుద్ధిగా తల ఊపి లోపలికి వెళ్ళారు. అబద్ధం చెప్పిన హుషారులో ఆవిడ సాయంత్రం దాకా కూనిరాగం తీశారు.

నేను నవ్వాను. నవ్వాక... ఏదో గుచ్చుకుంది. ఆ తీగకి ముళ్ళుండవు కదా. అయినా గుచ్చుకుంది.

పాపం, ఎవరి పని మీద వాళ్ళు వస్తారు. పెట్రోలు వాళ్ళది. సిగ్గు వాళ్ళది. నవ్వు మాది.

తీగ కోస్తే అత్తయ్య మళ్ళీ గదిలోకి వెళ్ళిపోతారు. అందుకే కొయ్యట్లేదు. ఇది నిజం.

సగం నిజం.

మిగతా సగం — నాకూ బాగుంది.

ఆ రోజు మబ్బు. గచ్చు మీద నీడ లేదు.

ఒక ఆటో వచ్చింది. గోడ ముందు ఆగింది. ఒకావిడ దిగింది, నా ఈడే ఉంటుంది. ఒక చేతిలో క్యారియరు. చంకలో ఫ్లాస్కు, మడిచిన దుప్పటి.

మేం కుర్చీల్లో ముందుకు జరిగాం. అలవాటు.

ఆవిడ ఫోను తియ్యలేదు. ఆటోవాణ్ణి తిట్టలేదు. ఎవరైనా చూస్తున్నారేమోనని కూడా చూడలేదు. గోడ దగ్గరికి నడిచి, దాని మీద చెయ్యి ఆనించింది. తోస్తే జరుగుతుందేమో అన్నట్టు.

గోడకి పైన ఆసుపత్రి కిటికీలు. కొన్నిటికి తడి బట్టలు.

అప్పుడు తలెత్తింది.

"ఇటు దారి లేదాండీ?"

ఎన్నిసార్లు విన్న ప్రశ్న. నేను ఒళ్ళోని చిక్కుడుకాయలకేసి చూశాను. అత్తయ్యే చెప్పారు, లేదమ్మా, మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలని. అత్తయ్య గొంతులో ఈసారి నటన లేదు. అందుకేనేమో, సరిగ్గా పలకలేదు.

"లోపలికి వదిలే టైం అయిపోతోందండీ. అదిగో... కనబడుతోంది కదా. ఆ కిటికీయే." క్యారియరున్న చేత్తోనే చూపించింది. మేం చూశాం. చూడటం మాకు బాగా వచ్చిన పని.

ఆటో వెనక్కి తిరిగింది. ఎక్కబోతూ ఆవిడ ఇంకో మాట అంది. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

"ఎవరైనా ఒక బోర్డన్నా పెట్టొచ్చు కదండీ."

బోర్డు కింద నుంచే ఆటో వెళ్ళింది. ఆకులు కదిలాయి. ఒక నీలం పువ్వు రాలి ఆటో మీద పడింది. వాళ్ళతో పాటే వెళ్ళిపోయింది.

అత్తయ్య మార్కులు వెయ్యలేదు.

ఒళ్ళోని చిక్కుడుకాయలు పక్కన పెట్టారు — "కత్తెర తే అమ్మాయ్."

తీగను ఆవిడ లాగి పట్టుకున్నారు. నేను కోశాను. పూసే తీగ అన్న మాట ఇద్దరం ఎత్తలేదు. ఆకుల కింద అక్షరాలు కొత్తగా ఉన్నాయి. ఎండ తగల్లేదు, వాన తగల్లేదు. మేమే పదిలంగా దాచినట్టున్నాయి.

ఇప్పుడు బండ్లు సందు మొదట్లోనే ఆగుతాయి. చదువుతాయి. తిరిగి వెళ్ళిపోతాయి. గోడ దాకా ఎవరూ రారు. జనానికి మేలు జరిగింది.

అత్తయ్య గదిలోకి వెళ్ళిపోయారు.

అన్నం అంటే అన్నం. మందు అంటే మందు. నాకు పనులన్నీ వేళకి అవుతున్నాయి. ఇల్లు అద్దంలా ఉంది. ఆ అద్దంలో ఎవరూ లేరు.

పేకముక్కలు తెచ్చాను. ఆవిడ మర్యాదగా ఆడారు, మర్యాదగా ఓడిపోయారు. టీవీ పెట్టాను. అందులో అందరూ నటులే. మనకెందుకు?

మా ఆయన బోర్డు బాగా కనబడుతోందని మెచ్చుకున్నారు. రెండు రోజులు ఆగి, అమ్మ మళ్ళీ మాట్లాడట్లేదేంటి అన్నారు. ఎండలు కదా అన్నాను. అప్పుడు వాన పడుతోంది.

ఆ ఆటోలో వచ్చినావిడని లోపలికి వదిలారో లేదో. ఆ క్యారియరు ఎవరైనా విప్పారో లేదో. ఏ కిటికీ చూపించిందో కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. అందుకని అన్ని కిటికీలూ చూస్తాను. కొన్నిటికి బట్టలు మారుతుంటాయి. కొన్నిటికి మారవు.

కుండీకి నీళ్ళు పొయ్యడం మానేశాను. శిక్ష తీగకి వెయ్యడం సులువు.

వానలు ఆగాయి. ఎండలు ముదిరాయి. అయినా మట్టి ఎండలేదు.

రోజూ పొద్దున్నే ముట్టి చూస్తాను. తడి. నేను పొయ్యలేదు. మా ఆయన కుండీ జోలికే రారు. నేను అడగలేదు. అత్తయ్య చెప్పలేదు. మొదట్లో చిన్న చిగురు. తర్వాత రెండాకులు. తర్వాత సన్నటి కొస... కమ్మీ దాటి, గాల్లోకి చెయ్యి చాపి, దేన్నో వెతుకుతూ.

ఇవాళ మధ్యాహ్నం కత్తెర తీసుకుని వెళ్ళాను.

ఇప్పుడే కోసేస్తే సరిపోతుంది. లేత కొస. దానికి తెలిసే లోపు అయిపోతుంది. ఎవరో ఒకరు క్యారియరు పట్టుకుని ఈ దారినే వస్తారు ఎప్పుడో ఒకప్పుడు. కోసెయ్యాలి.

వెనక గది తలుపు చప్పుడైంది. అడుగులు. కుర్చీ కిర్రుమంది. ఎన్నాళ్ళకో.

నేను తిరిగి చూడలేదు. కత్తెర తెరిచే ఉంది.

"ఇంకా అందలేదుగా, అమ్మాయ్," అన్నారు అత్తయ్య.

అందలేదు. నిజమే. తీగకీ స్తంభానికీ మధ్య ఇంకా జానెడు ఖాళీ.

గచ్చు మీద మాత్రం తీగ నీడ, స్తంభం నీడను ఎప్పుడో పట్టుకుంది.

గాలి వస్తే వదులుతుంది. గాలి పోతే...