బడి చెయ్యి

సుభాషిణి చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. చదువుకున్న రోజుల్లో ఆమెకు ఎప్పుడూ ఫస్టు మార్కులు అందుకే వచ్చాయి. తాటిదిబ్బపాళెంలో జరిగిన అనర్థమూ అందుకే జరిగింది.

ఆమెది కొడవలూరు పక్కన వరి పండించే ఇల్లు. నెల్లూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లుగా లెక్కలు చెబుతోంది. అక్కడి ప్రిన్సిపాల్ జూన్‌లో దిగిపోతున్నాడని తెలిసి యాజమాన్యంవాళ్లు ఆమెను పిలిచారు. పాఠశాల నిర్వహణలో పీజీ డిప్లొమా పట్టా చూపిస్తే కుర్చీ మీదేనన్నారు. జూన్‌లోపు చూపించలేకపోతే బయటి మనిషిని తెచ్చుకుంటామని కూడా అన్నారు. కావలిలో స్టడీ సెంటరు ఉంది. ఏడాది చదువు, ఐదు పేపర్లు. ఆ తర్వాత ఒక ప్రభుత్వ బడిలో ముప్పై రోజులు హెడ్మాస్టరు వెంట ఉండి ఆయన పని గమనించాలి. ఆ ముప్పై రోజుల్లోనే ఒకనాడు కావలిలో మౌఖిక పరీక్ష. పేపర్లు ఐదూ గట్టెక్కింది. ముప్పై రోజులకు ఆమెకు పడింది తాటిదిబ్బపాళెం బడి. సముద్రానికి కూతవేటు దూరం. అరవై ఎనిమిది మంది పిల్లలు, అందరూ వేటకు పోయే ఇళ్లవాళ్లే. మధ్యాహ్న భోజనం వండే పేరమ్మ ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకుంది.

కోర్సు పుస్తకంలో ఈ ముప్పై రోజులకూ ఒక నియమం లావు అక్షరాల్లో ఉంది. గమనించండి, ప్రశ్నించవద్దు, జోక్యం చేసుకోవద్దు. గమనించింది రాయడానికి ఒక డైరీ ఇచ్చారు. సమయానికి ఒక గడి, హెడ్మాస్టరు చేసిన పనికి ఒక గడి, కారణానికి ఒక గడి. సాయంత్రం కింద ఆయన సంతకం.

హెడ్మాస్టరు కామాక్షయ్యకు యాభై ఆరేళ్లు. మాట పొదుపు. మొదటిరోజు సరిగ్గా తొమ్మిదికి ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకున్నాడు. తొమ్మిదీ అయిదుకు వెనక గేటులోంచి మాయమయ్యాడు. తొమ్మిదీ యాభైకి పైకి మడిచిన ప్యాంటుతో, మోకాళ్లదాకా ఇసుకతో తిరిగొచ్చి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. ఎంత కడుక్కున్నా నీచు వాసన పోలేదు. పొద్దున్నే చేపల బేరానికి పోతున్నాడు కాబోలని సుభాషిణి తీర్మానించుకుంది. డైరీలో మాత్రం నియమం తప్పకుండా రాసింది. ‘నలభై అయిదు నిమిషాలు బడిలో లేరు. కారణం: తెలియదు.’ సాయంత్రం ఆయన చదవనైనా చదవకుండా సంతకం పెట్టాడు.

పదిహేడు పనిదినాల్లో పద్నాలుగు సార్లు అదే మాట రాసింది, పద్నాలుగు సార్లూ ఆయన సంతకం పెట్టాడు. డిప్లొమా చదివిన కళ్లకు ఆయన పనికిమాలిన హెడ్మాస్టరుగా కనిపించాడు. పిల్లల హాజరు మాత్రం రోజూ అరవై ఐదుకు తగ్గేది కాదు. దానికి గ్రాఫు గీత కూడా గీసి, ఆ ఘనత మధ్యాహ్నం పెట్టే కోడిగుడ్డుకు కట్టబెట్టింది.

వారం వారం డైరీ కాగితాలు సెంటరుకు పంపాలి. అక్కడి సమన్వయకర్త జయశీల వాటిని చూసి మురిసిపోయింది. ఇంత నిక్కచ్చిగా రాసినవాళ్లు ఈ బ్యాచీలో లేరని ఒక సమావేశంలో తెరమీద వేసి చూపించింది. అక్కడ కూర్చున్న అధికారి ఒకాయన ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. సోమవారం మధ్యాహ్నానికి బడికి మెమో వచ్చింది. పనివేళల్లో హెడ్మాస్టరుగానీ, మిగతా టీచర్లుగానీ ఆవరణ దాటకూడదు. జరిగినదానికి వారంలో వివరణ ఇవ్వాలి.

కామాక్షయ్య మెమో రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. సుభాషిణిని ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది.

మంగళవారం ఆయన కుర్చీలోంచి కదల్లేదు. బుధవారమూ అంతే. కానీ బుధవారం బడికి వచ్చిన పిల్లలు నలభై ఒక్కరు. గీత ఒక్కసారిగా కింద పడింది. గురువారం పది గంటలకే కావలిలో మౌఖిక పరీక్ష, ఆ గీత చూసి అడగకుండా ఊరుకోరు. సుభాషిణికి గుబులు పుట్టింది. మధ్యాహ్నం వంటగదిలోకి వెళ్లి పేరమ్మను అడిగింది.

“పిలకాయలు యాడికి పోయినారు పేరమ్మా?”

“యాడికి పోతారమ్మా, తాడు కాడికి పోయినారు. అయ్యోరి కాళ్లు కట్టేసినారు గదా.” పేరమ్మ గరిటె పక్కన పెట్టింది. “నీకు తెలవదా? మా ఊళ్లో అలివి వలని తాళ్లతో ఒడ్డుకి లాగేటప్పుడు తాడు మీద చెయ్యేసినోళ్లకే వంతు. చెయ్యి పడకపోతే రాజైనా రొంత చేప దొరకదు. పిల్లోళ్లకి అరవంతు. ఆ అరవంతు కోసరమే ఎనకటికి ఒక్క బిడ్డా బడికి వొచ్చేది కాదు. పన్నెండేళ్ల నాడు ఈ అయ్యోరు మా ఊరి పెద్దలు, కాపుల ముందర కూర్చున్నాడు. బడికొచ్చిన పిలకాయలందరి తరఫునా నేను తాడు పట్టుకుంటా, మీరు వాళ్ల వంతు వాళ్ల ఇళ్లకియ్యండి అన్నాడు. కాపులు సరేనన్నారు. ఆపొద్దు నించి వల పడిన ప్రతి దినమూ అయ్యోరి చెయ్యి తాడు మీదే.”

‘తెలియదు’ అని రాసిన పద్నాలుగు గడులూ సుభాషిణి కళ్లముందు కదిలాయి.

“ఇప్పుడేమవుతుంది?”

“వరసగా మూడు వలలకి బడి చెయ్యి పడకపోతే ఆ మాట కొట్టేసినట్టే. రెండయినాయి. రేపు పొద్దున మూడోది. నీ డైరీ పున్నెమా అని కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది తల్లీ.”

సుభాషిణి నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్లింది.

“నాకెందుకు చెప్పలేదు సార్?”

“మీరు అడగలేదు గదమ్మా.”

“పుస్తకంలో అడగొద్దని ఉంది సార్.”

కామాక్షయ్య నవ్వడం ఆమె మొదటిసారి చూసింది. “సరే, జరిగింది జరిగింది. రేపు ఎనిమిది గంటల బస్సుకి కావలి పోండి. అది తప్పితే ఇంకోటి లేదు. వివరణ నేను రాస్తుండా.” ఆయన వివరణ అధికారి బల్ల మీదికి చేరేసరికి మూడో వల కాదు, ముప్పయ్యో వల కూడా అయిపోతుందని ఇద్దరికీ తెలుసు.

గురువారం ఎనిమిదింటికి సుభాషిణి ఫైలు పట్టుకుని బస్సు కోసం నిలబడింది. పుస్తకం ప్రకారం ఆమె చేసినదాంట్లో తప్పేమీ లేదు. ఆ ప్రిన్సిపాల్ కుర్చీ మీద ఆమెకు ఆశ చచ్చిందనీ కాదు. పదకొండేళ్లుగా ఆ గది ముందు నడిచిన ప్రతిసారీ లోపలికి ఒక చూపు వేసేది. బస్సు వచ్చి ఆగింది. “కావలి, కావలి” అని కండక్టరు కేకేశాడు. రోడ్డు మీదినుంచి సముద్రం కనిపిస్తోంది. పడవ అర్ధచంద్రంలా వల వదులుతూ ఒడ్డు వైపు తిరుగుతోంది. ఎక్కుతారా ఎక్కరా అని కండక్టరు విసుక్కున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆమె ఒడ్డుకు చేరేసరికి రెండు తాళ్ల పొడుగునా జనం ఉన్నారు. పెద్దల మధ్య పిల్లలు. ఏడో తరగతి వెన్నెల ఆమెను చూసి తల వంచుకుంది. తాళ్ల మధ్య పెద్దకాపు హజరత్తయ్య నిలబడి ఉన్నాడు. సుభాషిణి చెప్పులు విప్పి ఆయన దగ్గరికి వెళ్లింది.

“బడి చెయ్యి వేస్తానయ్యా.”

హజరత్తయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. “నువ్వు ఆ బడిదానివా? నెల రోజులకొచ్చినావని చెప్పినారే. జీతం ఈడ తీసుకుంటుండావా?”

“లేదయ్యా.”

“పాఠాలు చెప్తుండావా?”

“లేదు.”

“మరి బడిలో ఏం చేస్తుండావు?”

ఈ ప్రశ్నకు కావలిలో చెప్పడానికి ఆమె పెద్ద జవాబే బట్టీ పట్టింది. అందులో ఒక్క ముక్కా ఇప్పుడు పనికి రాలేదు.

“నేర్చుకుంటుండానయ్యా.”

హజరత్తయ్య తాడు వైపు చెయ్యి చూపించాడు. “నేర్చుకునేదానివయితే బడిదానివే. పట్టు.”

కొంగు బిగించి తాడు పట్టుకుంది. తడి తాడు చేతిలో జారింది, మళ్లీ పట్టుకుంది. హజరత్తయ్య గొంతెత్తాడు. “బడి చెయ్యి పడింది! పిలకాయలంతా పోండి బడికి!” పిల్లలు తాడు వదిలేసి, ఇసుక తన్నుకుంటూ బడి వైపు పరుగెత్తారు. ఒడ్డున గడియారం లేదు గానీ వల చివర గట్టు చేరేసరికి కావలిలో ఆమె పేరు పిలిచి ఉంటారు. వలలో పెద్దగా ఏమీ పడలేదు, వేలెడంత నెత్తళ్ల చేపలు నాలుగు గంపలు. అయినా బడికి పోయిన పిల్లలందరి అరవంతులూ ఇసుక మీద కుప్పలు పెట్టారు. సుభాషిణి అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి.

జయశీల ఫోను చేసి నొచ్చుకుంది. మళ్లీ మౌఖిక పరీక్ష వచ్చే ఫిబ్రవరిలోనే అంది. నెల్లూరు స్కూలువాళ్లు అంతవరకూ ఆగలేమన్నారు. గూడూరు నుంచి ఎవరినో మాట్లాడుకున్నారు. అది విన్న సాయంత్రం సుభాషిణి గది తలుపు వేసుకుని ఏడ్చింది. మర్నాడు పొద్దున మళ్లీ తాడు దగ్గరికి పోయింది. మిగిలిన పదిరోజులూ బడి చెయ్యి ఆమెదే. ఆఖరి రోజున కామాక్షయ్య వివరణకు జవాబు వచ్చింది. బడి అవసరమైతే రిజిస్టర్లో రాసి బయటికి వెళ్లవచ్చునట. పన్నెండేళ్లుగా ఆ ఒక్క పనే చెయ్యలేదు ఆయన.

ఆ సాయంత్రమే ఆమె ఒక ఫారం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఫిబ్రవరి పరీక్షకు కూర్చోవాలంటే హెడ్మాస్టరు సంతకం కావాలి. అన్ని గడులూ నింపింది గానీ, గైర్హాజరుకు కారణం అన్నచోట ఏం రాయాలో తోచక వదిలేసింది.

కామాక్షయ్య ఈసారి మొదటినుంచీ చివరిదాకా చదివాడు. ఖాళీ గడి దగ్గర ఆగి కలం తీసి, ఆమెను అడక్కుండానే రాశాడు. ‘కారణం: బడి పని మీద ఉన్నారు.’ కింద సంతకం పెట్టాడు. డైరీలో పద్నాలుగు సార్లు పెట్టిన సంతకమే.

సుభాషిణికి తలెత్తి ఆయన ముఖం చూడాలంటే సిగ్గేసింది.