కడుపు మాడ్చిన నాచు

సోమవారం పొద్దున మేడ మీదికొచ్చిన రసజ్ఞ తొట్లను చూసి ఉన్నచోటే నిలబడిపోయింది. ఎల్లేశం మాత్రం నవ్వుతున్నాడు.

"జూసిండ్రా మేడం? శుక్రారం కామెర్లొచ్చినట్టుండె. ఇప్పుడు నాటేసిన మడి లెక్క లేదా?"

కొత్తగూడలోని ఆ ఆఫీసు మేడ మీద ఆరు తొట్లలో రసజ్ఞ నాచు పెంచుతోంది. దాంట్లోంచి బండ్లు నడిచే నూనె తీస్తారట. నీళ్లు కలియబెట్టడం, మూతలు తుడవడం ఎల్లేశం పని. ఒకప్పుడు ఖాజాగూడలో వరి పండించినవాడు, ఆకు రంగు చూసి పైరు ఏమడుగుతుందో చెప్పేస్తాడు. వారం నుంచి నాచు పాలిపోతుంటే అతనికి అన్నం సయించలేదు.

"ఏం కలిపారండీ?" రసజ్ఞ తొట్టి మీదికి వంగింది.

"యూరియా. కింద గడ్డికి తెచ్చింది జర మిగిలుండె. శనివారం కరగబెట్టి పోసిన. ఆకలికి సస్తుంటే ఎట్ల జూస్తం?"

రసజ్ఞ మెట్టు మీద కూలబడింది. "ఆకలితో ఉంచింది నేనేనండి. తిండి దొరక్కపోతేనే అది ఒంట్లో నూనె దాచుకుంటుంది. దొరికిందా, ఆ నూనె కరిగించుకుని ఎదుగుతుంది. బుధవారం ఓనరు శివశంకర్ గారికి నూనె చూపించకపోతే ఈ పనే ఆపేస్తారు."

ఎల్లేశం ఎండిన మడిని చూశాడు, వానకు మునిగినదాన్నీ చూశాడు. నీళ్లుండీ ఎండ ఉండీ, కావాలని కడుపు మాడ్చిన పంట సంగతి ఇన్నేళ్లలో వినలేదు.

"ఆరింటికీ పోశారా?"

"అయిదింటికే. ఆరోదానికొచ్చేసరికి సంచి ఒడిసింది. ఇయ్యాల తెద్దామనుకున్న."

ఆమె పరుగున వెళ్లి ఆరో తొట్టి మూత ఎత్తింది. నాచు పసుపుబారి, చావు కళతో ఉంది.

"హమ్మయ్య! ఇదొక్కటి చాలండి. రెండ్రోజులు దీన్నెవరూ ముట్టకుండా మీరే చూడాలి."

"నేనా?"

"మీరే. రంగు కాస్త మారినా కనిపెట్టేది మీ కళ్లేగా."

రెండు రోజులూ ఎల్లేశం ఆ తొట్టి పక్కనే కుర్చీ వేసుకున్నాడు. తోటమాలి కొత్త యూరియా సంచి తెస్తే మెట్ల దగ్గర్నుంచే వెనక్కి పంపాడు. నాచు ఇంకా పాలిపోయింది.

బుధవారం రసజ్ఞ గాజు గొట్టంలో నూనె చూపిస్తూ, "ఒప్పుకున్నారండీ! పని ఆగదు!" అంది.

ఎల్లేశం గొట్టం వైపు చూడకుండా ఆరో తొట్టి మూత మీద చేయి వేశాడు. "ఇగ దీనికి బువ్వ పెట్టొచ్చా, బిడ్డా?"

"ఇంకెందుకండీ? మిగిలిందంతా ఈ పూటే పిండేస్తాం."

మూత మీద వేసిన చేయి మళ్లీ తీసుకోవడం అతనికి చేతకాలేదు.