సిమెంటు లేని పని

నేను ఒక టైటానియం కడ్డీని. తుంటి కీలు అరిగిపోయినవాళ్ల తొడ ఎముకలోకి దిగగొట్టే జానెడు కడ్డీని. తుప్పు పట్టను, విరగను, తళతళ మెరుస్తాను. పుట్టిన రోజు నా ఠీవి చూసి నేనే మురిసిపోయాను. మర్నాడే ఫ్యాక్టరీలో నా ఒళ్లంతా గరుకుగా గీకేశారు. ఎముకలో ఉండే కాల్షియం సరుకునే తెల్లటి పింగాణీ పొడిగా చేసి, మంటలో కరిగించి నా మీద చిమ్మారు. వెంట్రుక మందం పూత. పిండిబస్తాలో పడ్డ ఎలుకలా తయారయ్యాను.

హనుమకొండలో మొగిలయ్య అనే తాపీమేస్త్రి ఎడమ కాలు నా వంతుకొచ్చింది. ఆపరేషన్‌కు ముందు ఆయన డాక్టరమ్మను అడిగిన ప్రశ్న ఒకటే.

"సిమెంటు లేకుంట ఎట్ల నిలుస్తదమ్మా?"

"పైనున్న పూతను చూసి ఎముక తనదే అనుకుంటది, వచ్చి పట్టుకుంటది. ఆరు వారాలు మాత్రం ఆ కాలు మీద బరువు మోపొద్దు."

ఆయనకు నమ్మకం కుదరలేదు. నాకు ఒళ్లు మండింది. ఇంతటి నన్ను వదిలేసి పూతను పట్టుకోవడమేమిటి? కానీ అలాగే జరిగింది. ఎముక కణాలు బెరుగ్గా వచ్చి, పూతను తడిమి, మనదే అనుకుని దాని మీద కొత్త ఎముక కట్టడం మొదలుపెట్టాయి. నావైపు ఒక్కటీ చూడలేదు. అది గట్టిపడకముందే నేను కదిలానంటే పట్టు వదిలిపోతుంది. నన్ను పీకేయాలి, మొగిలయ్య మళ్లీ పరంజా ఎక్కడం కల్ల.

పద్దెనిమిదో రోజు ఆయన వాకర్ పక్కకు నెట్టి లేవబోయాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. భార్య కొమురమ్మ గుమ్మంలోంచి అడిగింది.

"స్లాబు పోసినంక సెంట్రింగ్ ఎన్ని దినాలకు ఇప్పుతవయ్యా?"

"ఇరవై ఒక్కటి. ముందుగాల ఇప్పితే కూలదా?" అని అలవాటుగా అనేశాడు.

"మరి నీ కాలుకు డాక్టరమ్మ నలభై రెండు జెప్పింది గద."

ఆయన కూర్చుని వాకర్‌ను మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. మిగతా రోజులన్నీ దాన్ని వదల్లేదు. నేను కదల్లేదు. నా గొప్ప అని చెప్పుకోవడానికి నేను చేసింది అదొక్కటే.

రెండేళ్లు గడిచాయి. పూత చాలావరకు ఎముకలో కలిసిపోయింది, ఎముక నా గాట్లలోకి దిగి నన్నే పట్టుకుంది. మొగిలయ్య మళ్లీ గోడలకు ప్లాస్టరింగ్ చేస్తున్నాడు. మొన్న పరంజా దిగుతుంటే, పనిలో కొత్తగా చేరిన ఒకామె "ఆపరేషన్ ఏ కాలుకు జేసిండ్రు మేస్త్రీ?" అని అడిగింది.

ఆయన కాసేపు ఆలోచించి, కుడి తొడ చరిచి చూపించాడు.

ఎడమ కాల్లో నేను నోరులేక ఊరుకున్నాను. సిగ్గుతో చచ్చిపోవాల్సిందే. కానీ పుట్టి ఇన్నాళ్లకు నాకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.