వెన్ను తిప్పిన కొంగ

నూట పన్నెండో పేజీ చివర రెండు పదాలు దిక్కులేనివాటిలా కింది లైనులోకి జారిపడ్డాయి. పేజీలాయన అక్షరాల మధ్య సందు వెంట్రుకవాసి తగ్గించాడు. అవి బుద్ధిగా పైకి వెళ్ళి కూర్చున్నాయి. ప్రచురణ సంస్థలో అతన్ని అందరూ పేజీలాయన అనే పిలుస్తారు. రచయితలు రాసినదాన్నీ, చిత్రకారులు గీసినదాన్నీ కంప్యూటర్లో పుస్తకంగా కూర్చిపెట్టడం అతని పని. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. కళ్ళజోడు మాత్రం నాలుగుసార్లు మారింది. మౌస్ పట్టుకోనప్పుడు కూడా అతని కుడి చూపుడువేలు కాస్త వంగే ఉంటుంది.

ఇవాళ కూరుస్తున్న పుస్తకం మాత్రం అతని ప్రాణానికి వచ్చింది. నీళ్ళలో మునిగిన నగరం గురించిన మాయాకథ ఒకటి ఆరు భాగాలుగా వచ్చింది. ప్రతి అధ్యాయం మొదట, పేజీ బయటి మూలలో అగ్గిపెట్టంత బొమ్మ ఉంటుంది. నిచ్చెన గానీ, తాళంచెవి గానీ, పడవ గానీ, ఏది ఉన్నా పక్కన ఒక కొంగ ఉండి తీరుతుంది. వాటిని గీసేది ఊరికి అవతలి చివర ఉండే ఒకావిడ. బొమ్మలావిడ అంటే చాలు, పాఠకులకు పూనకం వస్తుంది. ఏ బొమ్మలో ఏ రహస్యం దాచిందోనని భూతద్దాలు పెట్టుకుని వెతుకుతారు. అలా వెతికినవాళ్ళ వ్యాసాలన్నీ కలిపి ఇప్పుడొక పుస్తకం వేస్తున్నారు. సాయంత్రానికి అది అచ్చుకు వెళ్ళిపోవాలి.

అతనిప్పుడు ఏడో వ్యాసంలో ఉన్నాడు. కొంగ ఎప్పుడూ కథ వైపే, అంటే అక్షరాల వైపే చూస్తుందట. మొదటి భాగం తొమ్మిదో అధ్యాయంలో మాత్రం కథకి వెన్ను తిప్పి పేజీ బయటికి చూసిందట. పడవవాడు చచ్చిపోయింది ఆ అధ్యాయంలోనే. కొంగ వెన్ను తిప్పితే ఎవరో పోతారని బొమ్మలావిడ ముందే చెప్పేసిందట. ఒక్క మెడ వంపులో మరణాన్ని చూపించిన ప్రతిభ అంటూ వ్యాసకర్త మూడు పేజీలు పొంగిపోయాడు.

ప్రతిభా లేదు, పాడూ లేదు. అది పేజీలాయన చేసిన పొరపాటు. తొమ్మిదేళ్ళ కిందట రచయిత ఆఖరి నిమిషంలో ఒక పేజీ కొట్టేశాడు. దాంతో ఎడమ పేజీలో మొదలవ్వాల్సిన అధ్యాయం కుడి పేజీకి వచ్చింది. ఇతను బొమ్మని ఈ మూల నుంచి ఆ మూలకి జరిపాడు గానీ కొంగ మొహం ఇటు తిప్పడం మరిచిపోయాడు. పుస్తకం చేతికొచ్చాక గానీ అది అతని కంటపడలేదు. బొమ్మలావిడ ఫోన్ చేసి దులిపేస్తుందని నెల రోజులు బిక్కుబిక్కుమంటూ గడిపాడు. ఆవిడ కిక్కురుమనలేదు. పైగా రెండో భాగంలో రాణి పోయే అధ్యాయానికి కొంగని తనే వెన్ను తిప్పి గీసి పంపింది.

ఆనాటి నుంచి ఆవిడ పేరు వింటే చాలు, ఇతనికి కడుపు మండిపోతుంది. అసలు ఈ నవలలకి తనే బొమ్మలు వేస్తానని ఒకప్పుడు నాలుగు నమూనాలు గీసి ఇచ్చాడు. చక్కగా ఉన్నాయన్నారు, తిరిగిచ్చేశారు. పోనీ ఇంట్లోనైనా సుఖమా? పొద్దున టీ తాగుతుంటే కూతురు మొదలుపెట్టింది.

"నాన్నా, ఆ కొంగ సంగతి చదివావా? ఎంత బుర్ర ఉండాలి ఆవిడకి."

"ఊఁ."

"నీకేం పట్టదు. రోజంతా ఆ పేజీల మీదే పడి ఉంటావు గానీ."

భార్య కూడా నవ్వింది. తన పొరపాటుకి తన ఇంట్లోనే ఇంకొకరికి హారతి పడుతుంటే వింటూ కూర్చోవడం ఎంత కష్టమో వాళ్ళకేం తెలుసు? ఈ వ్యాసం కూడా అచ్చయిందంటే ఆ కొంగ ఇక శాశ్వతంగా ఆవిడదే. ఉద్యోగం పోతే పోయిందనుకుని, మధ్యాహ్నం ఎడిటరమ్మ గదిలోకి వెళ్ళాడు.

"మేడమ్, ఆ తొమ్మిదో అధ్యాయం కొంగ... అది ఆవిడ తిప్పింది కాదండీ. నా పొరపాటు. వ్యాసం కింద ఒక ముక్క వేద్దాం."

"తొమ్మిదేళ్ళకి గుర్తొచ్చిందా?" అని ఎడిటరమ్మ నవ్వింది. మంచి మనిషే, ఆ నవ్వులో విషం లేదు. "ఆవిడనే అడుగుదాం ఉండండి. ఈ పుస్తకం చివరి పేజీకి వేసిస్తానన్న బొమ్మ కూడా ఇంకా పంపలేదు."

ఫోన్ కలిపింది. రెండు మాటలు వినేసరికి మొహం మారిపోయింది. "ఎప్పుడు?" అంది.

"పొద్దున పోయిందట. నిద్రలోనే," అంది ఫోన్ పెట్టేసి. "వాళ్ళ తమ్ముడు మాట్లాడాడు. బొమ్మ కవరు బల్ల మీద ఉందట, తెచ్చిస్తానన్నాడు."

పేజీలాయన మెల్లగా తన కుర్చీ దగ్గరికి వచ్చేశాడు. ఇప్పుడు ఆ మాట మళ్ళీ ఎత్తితే చనిపోయినావిడ మీద పడి ఏడ్చినట్టుంటుంది. సరిగ్గా ఇవాళే పోవాలా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది కూడా.

నాలుగింటికి తమ్ముడు వచ్చాడు. జుట్టు నెరిసిన మనిషి, చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు.

"పేజీలు పెట్టేది మీరేనాండీ? మీ చేతికే ఇమ్మని రాసి ఉంది."

కవరులో ట్రేసింగ్ కాగితం ఒకటి ఉంది. దాని మీద కొంగ ఒక్కటే ఉంది. పల్చటి కాగితం కావడంతో ముందు నుంచి చూసినా, వెనక నుంచి చూసినా స్పష్టంగానే కనపడుతోంది. కింద పెన్సిల్‌తో రాసి ఉంది: 'ఎటు చూడాలో మీరే చెప్పాలి. మొదటిసారి తిప్పింది మీరే కదా.'

"అక్క మీ సంగతి చెప్పేది," అన్నాడు తమ్ముడు. "ఆ ఆలోచన నాది కాదురా, అక్కడ పేజీలు పెట్టే ఆయనది అనేది. బయటికి చెబితే పొరపాటు చేశాడని ఆయన్ని పనిలోంచి తీసేస్తారేమోనని ఊరుకుంది."

అతను వెళ్ళిపోయాక పేజీలాయన ఆ కాగితాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తొమ్మిదేళ్ళు దొంగ అని తిట్టుకున్న మనిషి తన ఉద్యోగం కాపాడిందట. ఒక్కసారి తిట్టి ఉంటే ఎంత బాగుండేది! చివరికి మంచితనంలో కూడా ఆవిడే ఒక మెట్టు పైన నిలబడింది. దుఃఖం వచ్చింది, దాని వెనకే అసూయా వచ్చింది.

కొంగని స్కాన్ చేసి, రాత రాకుండా కత్తిరించి, చివరి పేజీలో పెట్టాడు. లోపలికి చూస్తే అదొక మామూలు బొమ్మ, ఎవరూ ఏమీ అనరు. బయటికి తిప్పితే మాత్రం పాఠకులు వెర్రెత్తిపోతారు. తన చావు తనకి ముందే తెలుసని, ఆఖరి బొమ్మలో చెప్పి మరీ వెళ్ళిందని కథలు కథలుగా రాస్తారు. కూతురు ఆ పేజీ పట్టుకుని ఏడుస్తుంది. నీకేం పట్టదు నాన్నా అంటుంది. ఆ మాట ఇప్పుడే వినపడినట్టయి ఒళ్ళు మండింది.

ఎడిటరమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అయిందా? వ్యాసం కింద ఏదో వేయాలన్నారు..."

"ఏం లేదు లెండి. నేనే ఏదో పొరబడ్డాను."

ఆమె వెళ్ళేదాకా ఆగి, కొంగని బయటికి తిప్పాడు. ఈసారి రెండుసార్లు సరిచూసుకుని మరీ పుస్తకాన్ని అచ్చుకు పంపించాడు. తర్వాత కళ్ళజోడు పెట్టెలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరాడు.

స్కానర్ అద్దం మీద ట్రేసింగ్ కాగితం బోర్లా పడి ఉండిపోయింది, పల్చటి కాగితంలోంచి ఆవిడ పెన్సిల్ రాత తిరగబడి కనిపిస్తూ.