తడి మీద వేసిన రంగు

నేను ఒక టేకు బీరువాని. ఏలూరులో ఒక వకీలు దావా కాగితాలు దాచుకోవడానికి నన్ను చేయించుకున్నాడు. మనిషి పెద్ద పేరున్నవాడే గానీ, కిళ్లీ చుట్టాక వేలికి మిగిలిన సున్నాన్ని నా పక్కచెక్కకే రాసేవాడు. మనుషులంటే నాకు ఏవగింపు అక్కడే మొదలైంది. తర్వాత వచ్చిన హోమియో డాక్టరు మందులు ఒలకబోసి తుడిచేవాడు కాదు. చివరికి సుభాషిణి ఇంటికి చేరాను.

సుభాషిణి బట్టలు కుట్టేది. వీధిలో ఆడవాళ్ల పెళ్లి జాకెట్లన్నీ నా అరల్లోనే ఉండేవి. ఆమె భర్త కోటేశు రంగుల దుకాణంలో గుమాస్తా.

ఒక ఏడు ఏరు పొంగి ఇళ్లలోకి వచ్చింది. సుభాషిణి బట్టలన్నీ మూటగట్టి పక్కవాళ్ల మేడ మీదకి చేర్చింది. నేను కిందే ఉండిపోయాను. వచ్చింది ఏటి నీరే అయితే ఓర్చుకునేదాన్ని. వీధి మురుగంతా అందులోనే ఉంది. చచ్చిన ఎలుక ఒకటి నా అడుగు అరలోకి వచ్చి అక్కడే కుళ్లింది. నీళ్లు తీశాక నా అడుగు చెక్క ఉబ్బిపోయింది, కీళ్ల జిగురు కరిగిపోయింది. నా కంపు నాకే వెగటు పుట్టించింది.

సుభాషిణి ముక్కుకి కొంగు కట్టుకుని నన్ను కడిగింది. ఇంకా ఆరకముందే కోటేశు లప్పం, రంగుడబ్బా పట్టుకొచ్చాడు.

"లోపలంతా తడేనండీ. ఆరనివ్వండి," అంది సుభాషిణి.

"నువ్వూరుకోవే! రంగుల సంగతి నాకు చెప్తావా? రెండు కోట్లు వేస్తే కొత్త పెళ్లికూతురే."

కుళ్లిన చోట లప్పం కూరి, పైన తళతళలాడే ముదురు రంగు పూశాడు. చెమట పట్టిన ఒంటికి ప్లాస్టిక్ గుడ్డ చుట్టినట్టయింది నాకు. చూడవచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. లోపల బూజు పెరుగుతూనే ఉంది.

మళ్లీ నా అరల్లో సర్దిన బట్టల్లో, మా వీధి అనసూయమ్మగారి కూతురి పెళ్లి జాకెట్టు దానికి బలైంది. తీసి చూస్తే వీపు మీద నల్లటి మచ్చలు, ముక్కిపోయిన వాసన.

"వాళ్లిచ్చిన గుడ్డలోనే మచ్చలున్నాయని చెప్పెయ్," అన్నాడు కోటేశు. "ఎవరికి తెలుస్తుంది?"

సుభాషిణి అతన్ని ఎలుకని చూసినట్టే చూసింది. జాకెట్టు తీసుకుని అనసూయమ్మగారింటికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి కళ్లు వాచి ఉన్నాయి. "ఉన్నదున్నట్టు చెప్పాను. నోటికొచ్చినట్టు తిట్టారు. వేరే పట్టు తెచ్చి నేనే కుట్టి ఇస్తానని ఒప్పుకున్నాను," అంది. తర్వాత గీకుడు రేకు తీసి కోటేశు చేతిలో పెట్టింది. "పూసింది మీరే. మీరే గీకండి."

గీకాడు. రంగు పెచ్చులుగా ఊడింది. లప్పం కింద నుంచి నల్లటి బురద జారితే మొహం తిప్పుకున్నాడు. "ఛీ, ఇంత కుళ్లు ఉందనుకోలేదు," అని గొణిగాడు. తలుపులు ఊడదీసి నన్ను నీడపట్టున, గాలి తగిలేచోట నిలబెట్టారు. ఎండలో పెడితే చెక్క చీలుతుందని సుభాషిణి ఒప్పుకోలేదు. బాగా ఆరాక వడ్రంగి వచ్చి కుళ్లిన అడుగు చెక్క మార్చాడు, కీళ్లు బిగించాడు. రంగు మాత్రం వద్దంది. అవిసె నూనె పట్టించింది.

మళ్లీ వానలు పట్టే రోజులొచ్చాయి. కోటేశు కుట్టాల్సిన బట్టల మూట తెచ్చి నా ముందు దించాడు.

"ఇంక సర్దుకోవే. శుభ్రంగానే ఉందిగా."

"పరాయివాళ్లవి ఇప్పుడే వద్దు," అంది సుభాషిణి. "ముందు మీ పెళ్లి పట్టుపంచె పెట్టండి. ఈ వానలు పోనివ్వండి."

కోటేశు నా అరలోకి తల దూర్చి వాసన చూశాడు. మూలమూలలా వేళ్లతో తడిమాడు. పంచెని గుండెకి ఆనించుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

ఆఖరికి పెట్టాడు. వానాకాలమంతా పొద్దున లేస్తూనే వచ్చి నా తలుపు తీసి చూసుకునేవాడు.