ముందు పిలిచే గడియారం

శాలువా వద్దని సత్తమ్మ మొదటి రోజే తెగేసి చెప్పింది.

కాలనీ సంఘం తరఫున ఇద్దరు పెద్దమనుషులు చెరువు కట్ట కింద ఉన్న ఆమె ఇంటికి వచ్చారు. ఆదివారం సన్మానం పెట్టుకున్నామని, మీ ఆయన్ని తెల్ల చొక్కా వేసుకుని రమ్మనమని అన్నారు. ఆమె అప్పుడు చేపల టబ్బు కడుగుతోంది. లేవలేదు, చేతులు తుడుచుకోలేదు.

"శాలువాలు పెట్టెల నాలుగున్నయి సారూ. సలికి కప్పుకుందామంటే ఒక్కటి ఆగది, అన్నీ జారిపోయేటియే. ఇచ్చేదుంటే ఒక గడియారం ఇయ్యుండ్రి. మా ఆయనకు గాదు, నాకు."

వాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆమె భర్త నర్సయ్య చేపలు పట్టేవాడు. శామీర్‌పేట చెరువులో ఎవరైనా మునిగితే పోలీసులు ఫోన్ చేసేది కూడా అతనికే. మరునాడు పేపర్లో 'గజ ఈతగాళ్ల సాయంతో వెలికితీశారు' అని ఒక ముక్క పడుతుంది. పేరు పడదు. అతనికి గాలి సిలిండర్ లేదు, కళ్లద్దాలు లేవు. నడుముకు ఒక తాడు ఉంటుంది. ఆ తాడు రెండో కొస సత్తమ్మ చేతిలో ఉంటుంది.

అతను మునిగిన క్షణం నుంచి ఆమె అరవై లెక్కపెడుతుంది. అరవై కాగానే లాగుతుంది. కింద అతని చేతికి ఏం దొరికినా, ఏం దొరకబోతున్నా సరే, లాగాల్సిందే. ఇరవై ఆరేళ్లుగా ఇద్దరి మధ్యా ఉన్న ఒప్పందం అది. నీళ్లలో ఉన్నవాడికి ఆశ ఎక్కువ. ఇంకొక్క జానెడు పోతే దొరుకుతుందనిపిస్తుంది, ఆ జానెడులోనే ప్రాణం పోతుంది. అందుకే వాడి ఊపిరి లెక్క గట్టు మీది మనిషి దగ్గర ఉండాలి.

ఆ లెక్క కిందటి నెల తప్పింది.

చెరువు నిండి, అదనపు నీళ్లు పొర్లిపోయే మత్తడి దూకుతోంది. కాలనీలో ఉండే చక్రపాణి కూతురు నవ్యశ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్ల, ఫోటో కోసం పాచి రాయి మీద నిలబడి మత్తడి కింది మడుగులోకి జారింది. నర్సయ్య రెండోసారి మునిగి ఉన్నాడు. పిల్ల తల్లి అమ్మాజీ పరుగెత్తుకొచ్చి సత్తమ్మ భుజాలు పట్టి ఊపేసింది, నా బిడ్డ ఏదమ్మా, నా బిడ్డ ఏదమ్మా అని. ముప్పై నాలుగా, నలభై నాలుగా? సత్తమ్మ నోట్లో లెక్క తెగిపోయింది. అంచనా మీద లాగింది. నర్సయ్య పిల్ల జుట్టు పట్టుకుని పైకి వచ్చాడు. పిల్ల దగ్గింది, బతికింది. నూరు మంది ఆ పిల్లనే చూశారు. నర్సయ్య ముక్కులోంచి కారిన నెత్తురు చూసింది సత్తమ్మ ఒక్కతే.

ఇక నోటి లెక్కను నమ్మకూడదని ఆమె ఆ రోజే తేల్చుకుంది.

గడియారం అడిగిందన్న మాట చక్రపాణి చెవిన పడింది. ఆయనది భీమవరం. మేడ్చల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం. వాచీలంటే పిచ్చి. మరునాడు పొద్దున్నే భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని, చంకలో ఒక చెక్క పెట్టెతో వచ్చేశాడు. పెట్టె తెరిస్తే లోపల మఖ్మల్ గుడ్డ మీద రెండు వాచీలు.

"రెండూ సముద్రంలో దూకేవాళ్ల కోసం చేసినవే సత్తమ్మ గారూ. ఇది పంతొమ్మిది వందల అరవై ఎనిమిది నాటిది. ఇది కిందటేడు కొన్నది. మూడొంతుల జీతం వీటికే పోసుంటాను. రోజూ పెట్టుకోడానికి వీటిల్లో ఏది మంచిదో తేల్చుకోలేక ఇంట్లో తిట్లు తింటున్నాను. ఒకటి మీది. ఏది కావాలంటే అది తీసుకోండి."

"మా ఇంట్లో వాచీలకున్న మర్యాద నాకు లేదమ్మా," అంది అమ్మాజీ.

సత్తమ్మ చేతులు ఈసారి తుడుచుకుంది. పాతదాన్ని తీసి చూసింది. పల్చగా, తేలికగా ఉంది. నల్లని ముఖం ఎండకు గోధుమరంగు తిరిగింది. తోలు పట్టీ మెత్తగా ఉంది. గాజుల పక్కన పెట్టుకుంటే మరో గాజులా ఇమిడిపోయింది. ఆమెకు నచ్చింది.

"గిది నీళ్లల్ల దిగుతదా సారూ?"

"దిగడానికే చేశారండి. కానీ ఇప్పుడు దించకూడదు. లోపల రబ్బరు ముసలిదైపోయింది."

"నీళ్ల గడియారానికి నీళ్లు పడవా?"

"చేతులు కడుక్కునేటప్పుడు తీసి సబ్బుపెట్టె పక్కన పెడతారమ్మా," అంది అమ్మాజీ. "ఒకసారి సబ్బనుకుని పట్టుకున్నాను కూడా."

"మరి గీ కొత్తది?"

"మూడు వందల మీటర్ల లోతుకు దిగినా దీనికేమీ కాదు," అన్నాడు చక్రపాణి గర్వంగా.

వల అల్లుతున్న నర్సయ్య తల ఎత్తకుండానే అన్నాడు. "మన చెరువు గంత లోతు యాడున్నది సారూ. తక్కువ వడ్డ నీళ్లు మీరే తేవాలె."

కొత్తది బరువు. తూకపు రాయిని చేతికి కట్టుకున్నట్టుంది. స్టీలు గొలుసు చేతి మీద జారుతోంది. సత్తమ్మ మొహం చిట్లించింది.

"ఆంటీ, ఫోన్లో టైమర్ ఉంటుంది కదా," అంది నవ్యశ్రీ మెల్లగా.

"రెండు చేతులల్ల తాడుంటది బిడ్డా. ఫోను దేంతోని వట్టుకోవాలె, పండ్లతోనా? తడి ఏలు పెడితే అది పలుకది. గప్పుడే ఎవడో ఫోన్ జేస్తడు, లోన్ కావాల్నా మేడం అని."

అయిదొందల వాచీ చాలదా అని ఎవరూ పైకి అడగలేదు గానీ, సంఘం పెద్దమనుషుల మొహాల్లో ఆ ప్రశ్న నిన్ననే కనిపించింది. చేపలమ్మేటప్పుడు టైము చూసుకోడానికి సత్తమ్మ ఇదివరకే అల్వాల్‌లో అలాంటివి మూడు కొన్నది. మూడూ మూడు వానాకాలాల్లో చచ్చాయి. పని చేసే చేతికి చౌక సరుకు చాలునని ఎవడు కనిపెట్టాడో గానీ వాడు పని చేసినవాడు కాడు. పెట్టెలో దాచుకునే చేతికి లక్షల సరుకు, తాడు పట్టే చేతికి తిరునాళ్ల సరుకు. ఇదెక్కడి న్యాయం?

చక్రపాణి వాడే పద్ధతి చూపించాడు. రెండు వాచీలకూ ముఖం చుట్టూ తిరిగే రింగు ఉంది. రింగు మీద మూడు మూలల గుర్తు ఒకటి ఉంది. మనిషి మునిగేటప్పుడు సెకన్ల ముల్లు ఎక్కడుంటే ఆ గుర్తును అక్కడికి తిప్పి పెట్టాలి.

"అంటే ముల్లు ఒక చుట్టు దిరిగి మళ్ల గుర్తుకాడికొస్తే అరవై," అంది సత్తమ్మ.

"అంతేనండి. నా మాట వింటే పాతదే తీసుకోండి. కొత్తది షాపు గడప దాటితే సగం ధర. పాతదాని విలువ ఏడాదికేడాది పెరుగుతుంది."

"పాతదే మంచిగున్నది," అన్నాడు నర్సయ్య కూడా. "నీ చేతికి సక్కగ కుదిరింది."

సత్తమ్మ మనసు కూడా అటే మొగ్గుతోంది. కానీ ముప్పై ఏళ్లు చేపలమ్మిన మనిషి ఆమె.

"కుండ కొనేటోడు కొట్టి చూస్తడు. చేప కొనేటోడు మొప్ప ఎత్తి చూస్తడు. గడియారాన్ని గోడకు ఒరిగి కూసోని కొంటమా? నడువుండ్రి. తూము కాడ మొద్దుకు వల తట్టుకోని వారమాయె. ఎట్లైనా దిగేదే."

"పాతదాని మీద నీళ్లు..." అన్నాడు చక్రపాణి. కూతురి వైపు చూశాడు. "సరే, పదండి," అన్నాడు.

"అబ్బో," అంది అమ్మాజీ.

తూము మెట్ల మీద సత్తమ్మ నిలబడింది. ఎడమ చేతికి పాతది, కుడి చేతికి కొత్తది. రెండు ముళ్లూ ఒకేసారి తమ తమ గుర్తుల మీదికి వచ్చేలా చక్రపాణి రింగులు తిప్పి పెట్టాడు. నవ్యశ్రీ సరదాకి ఫోన్లో టైమర్ పట్టుకుంది. నర్సయ్య తాడు ముడి ఒకసారి లాగి చూసుకుని నీళ్లలో నిలబడ్డాడు. ముళ్లు గుర్తుల మీదికి వచ్చాయి.

"దుంకు," అంది సత్తమ్మ.

అతను మునిగాడు. తాడు పరుగు తీసింది. ఒకదాని తర్వాత ఒకటి చుట్టలు ఆమె మణికట్లను ఒరుసుకుంటూ జారిపోతున్నాయి. అలవాటు పోక నోట్లో లెక్క కూడా మొదలుపెట్టింది. ఇరవై దాటింది. చక్రపాణికి ఆ పాత వాచీ మీద చుక్కలు పడటం చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు.

"దీని మొదటి యజమాని ఓడలో ఇంజనీరండి. ఆయన దగ్గర్నుంచి బొంబాయిలో ఒకాయన..."

ముప్పై ఒకటి. ముప్పై... పోయింది. నోటి లెక్క మళ్లీ తెగింది.

సత్తమ్మ ఆయన వైపు తిరగలేదు. తిట్టడానికి కూడా టైం లేదు. చేతుల వైపు చూసింది. తాడు ఆగింది. అంటే నర్సయ్య మొద్దు దగ్గర ఉన్నాడు. తాడు బిగిసి వణుకుతోంది. అంటే వలతో కుస్తీ పడుతున్నాడు. కుడి చేతి మీద ముల్లు గుర్తును ముట్టింది.

ఎడమ చేతి మీద ఇంకా ముట్టలేదు. పావు చుట్టుకు పైగానే దూరం ఉంది.

ఒకడు లాగమంటున్నాడు, ఒకడు ఆగమంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఆమె మనసుకు నచ్చింది ఎడమ చేతిది. ఇద్దరు మగవాళ్లు మెచ్చుకున్నది కూడా దాన్నే. ఆమెకు నర్సయ్య ముక్కులోంచి కారిన నెత్తురు గుర్తొచ్చింది. రెండు చేతులా తాడు లాగింది.

నర్సయ్య బుస్సుమంటూ పైకి తేలాడు. ఖాళీ చేతులతో, కోపంగా.

"గప్పుడే గుంజితివేందే? వల సగమే ఇడిసింది. ఇంకో అయిదు లెక్కలుంటే వచ్చేది."

"యాభై అయిదు సెకన్లు అంకుల్," అంది నవ్యశ్రీ ఫోన్ చూసి.

చక్రపాణి మొహం వాడిపోయింది. ఇన్ని లక్షల కొత్త వాచీ అయిదు సెకన్లు తప్పు చెప్పింది. ఆమె చేతులు రెండూ దగ్గరికి లాక్కుని, కళ్లజోడు పైకి ఎత్తి చూశాడు. కాసేపటికి ఆయన మొహం ఇంకో రకంగా మారింది.

"తాడు రాసుకుని రెండు రింగులూ కదిలాయి సత్తమ్మ గారూ. కొత్తదాని రింగు అయిదు సెకన్లు వెనక్కి వచ్చింది. పాతదాని రింగు ముందుకి జరిగింది. అది మిమ్మల్ని పిలిచేటప్పటికి..." వేలితో లెక్కపెట్టాడు. "డెబ్బై మూడు అయ్యేది."

నర్సయ్య కోపం నీళ్లలోనే దిగిపోయింది. డెబ్బై మూడు అంటే ఏమిటో అక్కడ అతనికొక్కడికే తెలుసు.

సత్తమ్మ కొత్తదాని రింగును తిప్పి చూసింది. ముల్లు నడిచే వైపు తిప్పితే గోడలా నిలబడింది, ఇసుమంత కదల్లేదు. ఎదురు వైపు తిప్పితే టక్, టక్ మని పళ్లచక్రంలా తిరిగింది. పాతదాన్ని తిప్పింది. అది అటూ తిరిగింది, ఇటూ తిరిగింది. ఎవరు ఎటు నెడితే అటు.

"అప్పట్లో అలాగే చేసేవారండి," అన్నాడు చక్రపాణి. "తర్వాత ఒకవైపే తిరిగేలా మార్చారు. పుస్తకంలో చదివాను. ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు."

"మీకెందుకు ఆలోచన సారూ, మీరు మునిగేది కాయితాలల్లనే గదా." ఆమె మాటలో వెటకారం ఉంది, పగ లేదు. "ఇయ్యాల రెండూ తప్పే జెప్పినయి. తప్పు జెయ్యని గడియారం లేదు, తప్పు జెయ్యని మనిషి లేడు. కానీ ఒకటి తప్పు జెప్తే వల పోతది. ఇంకోటి తప్పు జెప్తే మనిషి పోతడు. నాకు వల పోగొట్టేదే గావాలె."

కొత్తదాని స్టీలు గొలుసు ఊడదీయించి ఆయన చేతిలోనే పెట్టింది.

"గిది ఇడువుండ్రి. తాడు దీని సందుల ఇరుకుతది."

వల అల్లే నైలాన్ దారాన్ని నాలుగు పేటలుగా జడ అల్లి, వాచీకి అటూ ఇటూ దూర్చి, మణికట్టుకు బిగించి కట్టుకుంది. దాంతో జారడం మానింది. చక్రపాణి ఆ దారాన్ని ఒకసారి, గొలుసును ఒకసారి చూసి, గొలుసును జేబులో వేసుకున్నాడు.

తర్వాత ఆమె పాతదాన్ని కొంగుతో తుడిచి, ఆయన చేతికి తనే కట్టింది.

"గిది మీరే పెట్టుకోండ్రి. దినాం. పెట్టెలేసి ఏం జేస్తరు? యాభై ఏండ్ల దాంక బతికిందాన్ని సావనీయకుండ్రి. గని చెరువుకాడికి తేకుండ్రి."

"ఇంట్లో గిన్నెలు కూడా తోమరు లెండి, తడవదు," అంది అమ్మాజీ.

చక్రపాణి ఈసారి నిజంగా నవ్వాడు. ఏది పెట్టుకోవాలన్న ఏడాది తగవు పది నిమిషాల్లో తీరిపోయింది. తీర్చింది పుస్తకం చదివినవాళ్లు కాదు.

నర్సయ్య మళ్లీ ఊపిరి పీల్చుకున్నాడు. "ఇగ రింగు దిప్పు. గా వల దెస్త."

రెండు వారాలకు గండిమైసమ్మ అవతలి క్వారీ గుంత దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఇద్దరూ బండి మీద వెళ్లేసరికి గుంత చుట్టూ జనం. నర్సయ్య చొక్కా విప్పి తాడు కట్టుకున్నాడు. సత్తమ్మ రింగు తిప్పింది. టక్, టక్, టక్. అతను మునిగాడు.

ఒక ఆడమనిషి జనాన్ని చీల్చుకుని వచ్చి సత్తమ్మ భుజం పట్టుకుంది. మునిగినవాడి తల్లి. ఏదేదో అడుగుతోంది. ఇరవై ఆరేళ్లలో ఇలా పట్టుకున్న తల్లులు ఎందరో. ఒక్కరికీ సత్తమ్మ జవాబు చెప్పలేదు. రాతిగుండె మనిషని అనుకున్నారు. నోటి నిండా లెక్క పెట్టుకున్న మనిషి ఏం చెబుతుంది?

ఇప్పుడు ఆ లెక్క చేతి మీద ఉంది. నోరు ఖాళీగా ఉంది.

"నీ పేరేందక్కా?" అంది సత్తమ్మ, ముల్లు మీంచి చూపు తిప్పకుండా.

"శివమ్మ."

"శివమ్మా, మా ఆయన లోపటున్నడు. దేవులాడుతున్నడు. ఊకె ఏడ్వకు. గీ తాడు నువ్వు గూడ వట్టుకో. నేను గుంజు అన్నప్పుడు గుంజాలె."

శివమ్మ తాడు పట్టుకుంది. ముల్లు సగం దాటింది, ముప్పావు దాటింది, గుర్తును ముట్టింది.

"గుంజు," అంది సత్తమ్మ.